కొలిమిని తప్పించుకున్న బంగారు వాచీలు

చేతి గడియారం మొదట్లో ఆడవాళ్ల నగ. 1868లో పటెక్ ఫిలిప్ సంస్థ హంగరీకి చెందిన ఒక కౌంటెస్‌కు చేసి ఇచ్చింది గడియారం పొదిగిన బంగారు కంకణమే. మగవాళ్లు గొలుసు గడియారాన్ని జేబులోనే ఉంచుకునేవారు. 1904లో లూయీ కార్టియే తన మిత్రుడు, విమాన చోదకుడు సాంతోస్ డ్యూమాంట్ కోసం చేతి వాచీ తయారుచేశాడు. విమానం నడుపుతూ జేబులో చెయ్యి పెట్టడం కుదిరే పని కాదు మరి! మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లోని సైనికులకూ అదే అవసరం వచ్చింది. దాంతో చేతి వాచీ మగవాళ్లకు తగదన్న మాట వినపడకుండా పోయింది.

అక్కడినుంచి దాదాపు యాభై ఏళ్లు బంగారు వాచీకి మంచి రోజులు. రోలెక్స్ 1926లో నీరు చొరని కేసును, 1931లో చేతి కదలికకే కీ ఎక్కే యంత్రాన్ని తెచ్చింది. 1932లో వచ్చిన పటెక్ కలత్రావా 96 ఏ ఆర్భాటమూ లేని గుండ్రటి వాచీ. సాదా అందానికి నేటికీ అదే ఒరవడి. 1941లో అదే సంస్థ తెచ్చిన 1518 మోడల్ ఒక్క కేసులోనే లీపు సంవత్సరాల లెక్క తప్పని క్యాలెండరును, స్టాప్‌వాచీని ఇమిడ్చింది. 1956 నాటి రోలెక్స్ డే-డేట్‌నైతే బంగారం, ప్లాటినంలలో తప్ప చేయనేలేదు.

తర్వాత రెండు దెబ్బలు తగిలాయి. 1969 డిసెంబర్ 25న జపాన్‌లో సైకో తొలి క్వార్ట్జ్ చేతి వాచీ ఆస్ట్రాన్‌ను విడుదల చేసింది. నెలకు ఐదు సెకన్లకు మించి తేడా రాని ఆ వాచీ కూడా బంగారపుదే. ధర 4,50,000 యెన్‌లు. క్వార్ట్జ్ పోటీకి తాళలేక స్విస్ కార్ఖానాలు వరసగా మూతపడ్డాయి. ఈలోగా 1971 దాకా అధికారికంగా ఔన్సు 35 డాలర్లున్న బంగారం 1980 జనవరిలో 850 డాలర్లకు ఎగబాకింది. పాత వాచీ పనితనం కంటే కేసు తూకమే విలువైనదైంది. యంత్రాన్ని ఊడదీసి పక్కన పడేసి, కేసును కరిగించిన వాచీలు ఎన్నో.

ఆ కొలిమిని తప్పించుకున్నవాటి కోసమే సేకర్తలు వెతకసాగారు. 1989లో జెనీవాలో ఆంటికోరమ్ సంస్థ ఒక్క పటెక్ వాచీలతోనే వేలం జరపడం ఈ అభిరుచికి పెద్ద మలుపు. ఆపై విలువల లెక్కే మారింది. 1518 వాచీలు మొత్తం 281 తయారైతే ఎక్కువ భాగం బంగారువే. స్టీలుతో చేసినవి నాలుగే వెలుగుచూశాయి. వాటిలో ఒకటి 2016లో 1.1 కోట్ల స్విస్ ఫ్రాంకులు పలికింది. బంగారాన్ని ఇనుము ఓడించిన వేలం అది!

బంగారు వాచీని పరీక్షించే పద్ధతీ ఈ మారిన విలువలకు తగ్గట్టే ఉంటుంది. కేసు లోపల 18 క్యారెట్లకు హెల్వీషియా అనే స్త్రీమూర్తి తల, 14 క్యారెట్లకు ఉడుత ముద్ర ఉంటే అది పాత స్విస్ బంగారం. ‘20 మైక్రాన్లు’ అని ఉంటే పైపూతే. బంగారం మెత్తన కాబట్టి పదేపదే పాలిష్ పట్టిస్తే అంచులు అరిగి, ముద్రలు చెరిగి వాచీ విలువ పడిపోతుంది. కొత్తగా రంగు వేయించిన డయల్ కంటే వన్నె తగ్గిన అసలు డయల్‌కే గిరాకీ.

ఇంట్లో తాతగారి బంగారు వాచీ ఉంటే ముందుగా త్రాసులో పెట్టకండి. మెరుగు పెట్టించకుండా, పని తెలిసినవారి చేత మూత తీయించి చూపించండి.