సముద్రగర్భమున లీనమైన వైమానికుడు: మన్ మోహన్ సింగ్

వార్షిక సంచికలయందు స్వకులమున పుట్టి పేరుగాంచిన పెద్దల చరిత్రములను ప్రకటించుట మన యాచారము. ఈ వ్యాసమున నేను స్మరింపబూనిన పురుషుడు మన కులమువాడు కాడు; ఆంధ్రుడును కాడు. రావల్పిండిలో 1906 సం॥న జన్మించిన సిక్కు. అయినను ఆయనకు నేటివరకు ఏ సభయు తగిన స్మృతి జరుపినట్లు నా యెరుకలో లేదు కావున, మన సంచికలో రెండు పుటలు ఆయనకు విడుచుట దోషము కానేరదని తలంచుచున్నాను.

భారతీయులలో ఎవ్వడైనను ఇంగ్లండునకును హిందూదేశమునకును నడుమ తానొక్కడే విమానము నడుపుకొని గడువులోపల గమ్యము చేరినచో 500 పౌనుల బహుమానమొసగెదనని ఆగాఖాను ప్రకటించెను. 1930 సం॥న ముగ్గురు యువకులు ఆ పందెమునకు దిగిరి. వారిలో మన్ మోహన్ సింగ్ ఒకడు. తక్కినవారు ఆస్పీ ఇంజనీర్, జే.ఆర్.డి. టాటా. సింగ్ తన చిన్న జిప్సీ మాత్ విమానమునకు ‘మిస్ ఇండియా’ యని పేరిడెను. ఆంగ్లమున ‘మిస్’ అనగా కుమారి యనియు, గురితప్పుట యనియు రెండర్థములు గలవు గదా! ఇతడు తప్పక ఇండియాను తప్పిపోవునని ఇంగ్లండులోని యొక విమాన పత్రికాధిపతి పరిహసించెను.

ఆ పరిహాసము సగము నిజమైనది. సింగ్ దారి తప్పెను, మధ్యేమార్గమున దిగవలసివచ్చెను, మరల బయలుదేరెను. తుదకు స్వదేశము చేరెను. కాని గడువు దాటిపోయెను. బహుమానము పదునేడేండ్ల ఇంజనీరునకు దక్కెను. ఈ పందెమున మరియొక ముచ్చట గలదు. ఎదురుదిశనుండి వచ్చుచున్న టాటా ఈజిప్టులో దిగినప్పుడు, స్పార్కు ప్లగ్గులు చెడి నిలిచిపోయిన ఇంజనీరును చూచి, తన యొద్దనున్నవానిని ఇచ్చి పంపెను. ప్రత్యర్థికి సాయపడి పందెము పోగొట్టుకొన్న ఆయన ఔదార్యమును నేటికిని చెప్పుకొందురు. ఇంజనీరు అనంతరకాలమున, 1960 సం॥న, భారత వైమానికదళాధిపతి యాయెను. సింగ్ మాట మాత్రము మరుగుపడినది. ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకు సైతము ఆయన ఒంటరిగా ఎగిరిపోయెనని ఎందరికి తెలియును?

రెండవ ప్రపంచ సంగ్రామము వచ్చినది. బ్రిటిషువారికి శిక్షితులైన వైమానికులు చాలకపోగా, మన దేశమున అప్పటికే విమానము నడుపుట నేర్చినవారిని కొందరిని ఇంగ్లండునకు పంపిరి. సింగ్ వారిలో చేరెను. తోడివారిలో పెక్కండ్రు ఇరువదియేండ్ల ప్రాయమువారు. ఆయనకు ముప్పది దాటినది. నీటిపై దిగి నీటినుండి లేచు పెద్ద విమానములను ఆయనకు అప్పగించిరి. మొదట అట్లాంటికుపై సండర్లండు, పిమ్మట తూర్పు సముద్రములపై కాటలీనా. శత్రువుల ఓడలకును జలాంతర్గాములకును వెదకుచు గంటల తరబడి సముద్రముపై తిరిగి, కనబడినచో బాంబులు వేయుట వీని పని. ఈ పనికి సాహసముకంటె ఓరిమి యెక్కువ కావలెను.

1942 ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయెను. జావా కూడ జపానువారికి చిక్కనున్నప్పుడు, అచ్చటివారు విమానములమీద ఆస్ట్రేలియా పశ్చిమోత్తర తీరమునందలి బ్రూమ్ అను చిన్న రేవునకు తరలిపోవుచుండిరి. అది ముత్యపుచిప్పలు దేవుకొని బ్రదుకు ఊరు. అచ్చటి సముద్రమునుగూర్చి ఒక మాట చెప్పవలెను. పోటు వచ్చినప్పుడు నీరు సుమారు 30 అడుగులవరకు లేచును. పాటు తీసినప్పుడు బురదమేటలు మైలు పొడవున బయటపడును. కావున నీటివిమానములు ఒడ్డునకు రాలేక, రోబక్ అఖాతమున దూరముగా లంగరు వేసికొని, ఇంధనము కొరకును పోటు కొరకును కాచుకొనియుండెడివి. వానిలో స్త్రీలును, పసిబిడ్డలును ఎక్కియే యుండిరి.

మార్చి 3వ తేదీ ఉదయమున తైమూరునుండి తొమ్మిది జపాను యుద్ధవిమానములు వచ్చిపడెను. ఆ ఊర విమానవిధ్వంసక ఫిరంగులు లేవు, ఎదురేగి పోరాడు విమానములును లేవు. గంట లోపల అఖాతమునందలి 15 నీటివిమానములు, ఒడ్డుననున్న మరికొన్ని, వెరసి 22కు తక్కువ గాకుండ కాలిపోయెను. నీటిమీద ఒలికిన పెట్రోలు మండుచుండగా, దుమికినవారికి ఆ నీరే చితియైనది. మృతులు 88 మందికి తక్కువ గారు. వారిలో మన్ మోహన్ సింగ్ ఒకడు. వయస్సు ముప్పదియైదు. గాలిలో అన్ని వేల మైళ్లు తిరిగినవానికి, ఆకాశమున గాక లంగరు వేసిన చోట చావు వచ్చినది.

ఇది దూరదేశపు కథయని అనుకొనరాదు. ఇది జరిగిన 34 దినములకు, అనగా ఏప్రిల్ 6న, జపాను విమానములు మన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. మూటలు కట్టుకొని పల్లెలకు పరుగిడిన వారి కథలు మన యిండ్లలో నేటికిని వినబడుచున్నవి. ఆ శత్రువునకు ఎదురు నిలిచి సముద్రమున కలసిపోయినవాని కథ మాత్రము వినబడదు. కారణము ఊహింపదగినదే. ఆ యేటి ఆగష్టులో క్విట్ ఇండియా ఉద్యమము చెలరేగెను. దొరల కొలువున చనిపోయినవానిని వీరుడనుటకు ఆనాడు నోరు రాలేదు. స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఆ సంకోచము తీరిపోవలసినది, కాని తీరలేదు. ఇది మనకు గౌరవము కాదని నా యభిప్రాయము.

మనలో చనిపోయినవారికి దహనము, అస్థినిమజ్జనము, ఏటేట తిథి గలవు. ఆయన దేహము దొరకలేదు. సమాధి యెరుగని వారికై సింగపూరు క్రాంజీ కొండపై కట్టిన స్మారకచిహ్నమున 24 వేలకు పైగా పేర్లు చెక్కియున్నవి. విమానపు రెక్కవలె కట్టిన ఆ కప్పు క్రిందనే ఆయన పేరును గలదు. ఇక బ్రూమ్‌లో, ఏడాదిలో కొన్ని దినములు పాటు మిక్కిలి లోతుగా తీసినప్పుడు, ఆనాటి విమానముల శిథిలములు బురదపై తేలి కనబడును. జనులు నడచిపోయి చూచి, మరల పోటు రాకముందే ఒడ్డు చేరుకొందురు.