లాంబరేనె నదీతీరమున

ఆఫ్రికా ఖండపు పశ్చిమ భాగమున, భూమధ్యరేఖకు కొంచెము దక్షిణముగా, గాబోను దేశములో ఓగోవే అను మహానది కలదు. దట్టమైన అడవుల నడుమ ఆ నదిలోని యొక దీవిమీదను, దాని యిరు గట్టులమీదను వ్యాపించిన పట్టణమే లాంబరేనె. మధ్య ఓగోవే మండలమునకు అది ముఖ్యపట్టణము. ఆ పేరు వినగానే డాక్టరు ఆల్బర్ట్ ష్వైట్జరుగారు మనకు జ్ఞాపకము వత్తురు. అది న్యాయమే. అయినను ఆ తీరమున సేవ ఆయనతో మొదలు కాలేదు, ఆయన యొక్కరివలననే సాగనూ లేదు.

ఆ అడవిలో చిరకాలము నదియే బాట. గలోవా ప్రజలు చెట్టుబోదెలను తొలిచి చేసిన దోనెలలో రాకపోకలు సాగించిరి. దంతము, రబ్బరు కొరకు ఐరోపా వర్తకులు వచ్చి గట్టున కొట్లు పెట్టిరి; ఫ్రెంచి ప్రభుత్వము వచ్చి తన ఠాణా నిలిపెను. అమెరికా ప్రెస్బిటేరియను మిషనెరీయు వైద్యుడునైన రాబర్ట్ హామిల్ నాసౌగారు 1874లో నది నెదురెక్కి వచ్చి యిచ్చట పని ప్రారంభించిరి. పాఠశాలలలో ఫ్రెంచి భాషనే నేర్పవలెనని పాలకులు పట్టుబట్టగా, 1892లో అమెరికావారు ఆ పనిని పారిస్ ప్రొటెస్టంటు మిషనువారికి అప్పగించిరి.

ష్వైట్జరుగారు 1913 ఏప్రిలులో భార్య హెలెనాగారితో కలిసి వచ్చిరి. మొదట రోగులను చూచుటకు దొరికిన గది పాత కోళ్లగూడు! దానికి సున్నము కొట్టి పని మొదలిడిరి. రోగులు దోనెలలో వచ్చిరి; వారికి వండి పెట్టుటకు బంధువులును వచ్చిరి. వారి మాట డాక్టరుగారికి తెలియదు. అప్పుడు జోసెఫ్ అను గలోవా మనుష్యుడు దుబాసిగా నిలిచెను. అతడు పూర్వము దొరల యిండ్లలో వంటవాడు. కనుక రోగి దేహములోని భాగములను గూడ వంటింటి మాటలతోనే చెప్పెడివాడు. ఒకనికి కుడి తొడమాంసము నొప్పియని తెలిపెడివాడు. విని నవ్వవచ్చును గాని, అతడు లేనిచో ఆ బాధ యేదో డాక్టరుగారికి తెలియుట యెట్లు? శస్త్రచికిత్సలో హెలెనాగారు మత్తుమందు ఇయ్యగా, జోసెఫ్ రబ్బరు చేతితొడుగులు వేసికొని సహాయము చేసెను.

యుద్ధకాలమున ఆ దంపతులు జర్మను ప్రజలైనందున, 1917లో ఫ్రెంచివారు వారిని ఖైదీలుగా ఐరోపాకు పంపిరి. 1924లో డాక్టరుగారు తిరిగి వచ్చిరి. మరుసటి యేడు రక్తవిరేచనములును కరవును గూడి వచ్చెను. ఆ నదీప్రాంతమున ఒకూమె అను తేలికైన కలపను నరికి, తెప్పలుగా కట్టి, సముద్రమునకు తేల్చెడివారు. ఆ కూలికై మగవారు అడవులలోనికి పోగా పంటలు తరిగెను. డబ్బు చేతికి వచ్చినను కడుపునకు తిండి లేకపోయెను. అందువలన డాక్టరుగారు నదికి ఎగువను విశాలమైన చోట తోటలతో కూడిన క్రొత్త ఆసుపత్రి కట్టించి, 1927లో రోగులను అచ్చటికి మార్చిరి. 1952వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానపు సొమ్ము కుష్ఠరోగుల పల్లె కట్టుటకు వినియోగపడెను.

ఇంత సేవ చేసిన వారియందును ఒక కొరత కనబడుచున్నది. ఆఫ్రికావాడు తనకు సోదరుడే గాని తమ్ముడని, తాను అన్ననని ఆయన వ్రాసిరి. తమ్ముడని ప్రేమించుట మంచిదే. కాని తమ్ముడు ఎన్నటికిని పెద్దవాడు కాకూడదా? 1960లో గాబోను స్వతంత్రమాయెను. 1965లో డాక్టరుగారు గతించి అచ్చటనే సమాధి చేయబడిరి. ఆసుపత్రి నిలిచినది, 1981లో దానికి క్రొత్త కట్టడములు వచ్చెను. అచ్చట మలేరియా పరిశోధన సాగుచున్నది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు సిఫారసు చేసిన మలేరియా టీకాను చివరిదశలో పరీక్షించిన 11 కేంద్రములలో లాంబరేనె యొకటి. దానికై తమ బిడ్డలను తెచ్చిన తల్లుల పేర్లు ఏ గ్రంథమునను లేవు.

చదువరులారా, మీ ఊరి ఆసుపత్రి గోడమీద, గుడి రాతిపలకమీద ఒక పేరు చెక్కియుండవచ్చును. దానిని గౌరవముతో చదువుడి. పిమ్మట ఆ దొరగారికి మన మాట తెలిపినవారెవరు, రోగికి గంజి కాచినవారెవరు, దోనె నడిపినవారెవరు అని ఇంటి పెద్దలను అడుగుడి. ఎరిగినవారు బ్రదికియుండగానే అడుగుడి. మనుష్యులు మరచిన ఆ పేర్లను దేవుడు మరువలేదు.