అతిశీతల యంత్రవిద్య - గన్ని వెంకటరావుగారి కృషి

క్రిందటి మహాసభలో విద్యార్థి వేతనముల సంఘమువారు కూర్చుండియుండగా నల్లమాడ ప్రాంతపు రైతు కుమారుడొకడు ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో క్రయోజెనిక్ ఇంజనీరింగు చదువుటకు సహాయము గోరి దరఖాస్తు పెట్టుకొనెను. దాతలలో పెద్దవారొకరు దానిని చదివి, "మంచుగడ్డలు చేయు చదువునకు మన డబ్బెందుకు, అయ్యవారూ? కంప్యూటరు నేర్చుకొమ్మని చెప్పుడు" అనిరి. అందరును నవ్విరి. దరఖాస్తు ప్రక్కకు పోయినది. ఆనాడు నాకు సమాధానము తోచలేదు. శబ్దమంజరియు అమరమును వల్లె వేయించి బ్రతికినవాడను. యంత్రముల మాట నాకేమి తెలియును? ఈ యేడాది తెలిసినవారి నడిగియు, చదివియు గ్రహించినంత ఈ సంచిక మూలమున ఆ పెద్దలకును మన బంధువులకును విన్నవించుకొనుచున్నాను.

మన తార్కికులు శీతస్పర్శను జలము యొక్క గుణముగా చెప్పిరి. నవీనులు శైత్యమనునది వేరొక పదార్థము కాదనియు, ఉష్ణము తొలగుటయే శైత్యమనియు చెప్పుదురు. అట్లు తొలగించుచు పోగా సున్నకు దిగువ 273 డిగ్రీల యొద్ద ఒక హద్దు కలదు. ఆ హద్దునకు నాలుగు డిగ్రీల దూరము వరకును చేర్చగల ద్రవము హీలియ మొక్కటియే. దీని కథ సగము మన తెలుగు నేలదే. 1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినపుడు ఫ్రెంచి పండితుడు జాన్సెను గుంటూరున నిలిచి సూర్యజ్వాలల వర్ణరేఖలను పరీక్షించెను. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పాగ్సను మచిలీపట్టణమునుండి చూచెను. ఆ జ్వాలలలోని పసుపు రేఖ భూమిమీద నెరిగిన ఏ పదార్థమునకును చెందదని లాకియరు తరువాత నిర్ణయించి, సూర్యుని పేరనే దానికి హీలియమని నామకరణము చేసిరి. గుంటూరు మిరపకాయకు గల ప్రసిద్ధిలో నూరవ వంతు ఈ సంగతికి లేదు!

1908లో హాలెండు దేశపు లైడెను నగరమున కామర్లింగ్ ఓన్స్ అను పండితుడు హీలియమును ద్రవముగా మార్చెను. 1911లో ఆయనయే పాదరసమును ఆ ద్రవముతో చల్లబరచి చూడగా, విద్యుత్తునకు దానియందుగల నిరోధము మటుమాయమైపోయెను. దీనినే అతివాహకత్వమందురు. ఈ గుణముగల తీగలతో చుట్టిన అయస్కాంతము వేడెక్కక మహాశక్తితో పనిచేయును. ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. పరీక్షకు రోగిని పంపునది ఇట్టి అయస్కాంతపు గుహలోనికే. జెనీవా యొద్ద 27 కిలోమీటర్ల చుట్టుకొలతగల యంత్రమున పరమాణు రేణువుల దారిని వంచునవియు ఇవియే.

అయితే ఈ శైత్యము మిక్కిలి ఖరీదైనది. ఆ లోతునుండి ఒక వాటు వేడిని పైకి తోడుటకు, లోపమే లేని యంత్రమునకైనను అరువదియారు వాట్ల శక్తి వలయును. నిజముగా కట్టిన యంత్రములకు అంతకు మూడు నాలుగింతలు పట్టును. కనుక ఈ విద్యలో వ్యర్థము చేయువాడు రాజునైనను దివాలా తీయించును. గన్ని వెంకటరావుగారు ఆ వ్యర్థము మీదనే గురిపెట్టిరి.

ఆయన చిరకాలము పనిచేసినది అమెరికాలో వర్జీనియా రాష్ట్రమునందలి జెఫర్సన్ ప్రయోగశాలలో. అచ్చట ఎలక్ట్రానులకు వేగము కలిగించు నయోబియపు గదులను సున్నకు దిగువ 271 డిగ్రీల యొద్ద నుంచవలెను. పూర్వపు ఇంజనీర్లు శీతల యంత్రమును ఎప్పుడో ఒకనాడు రాగల గరిష్ఠ భారమునకు సరిపడ కట్టి, కంప్రెసరు వెలువరించు పీడనమును ఒకే అంకె వద్ద బిగించి పట్టుచుండిరి. భారము తగ్గిన నాడు మిగిలిన వాయువును అడ్డదారిని మరల కంప్రెసరునకే పంపుదురు. ఇంకొక విడ్డూరము వినుడు: అంత ఖర్చుతో చల్లబరచిన ద్రవములో విద్యుత్ హీటరు నుంచి, అధికమైన చల్లదనమును వేడితో చంపుదురు! మన సీమలో పది గుఱ్ఱముల మోటారు బిగించి, చేనికి సగము నీరు చాలినపుడు మిగిలిన సగమును మరల బావిలోనే పోయు రైతును చూచినచో ఊరివారేమందురు?

వెంకటరావుగారి పద్ధతికి తేలియాడు పీడనపు పద్ధతియని పేరు. గన్ని చక్రమనియు వ్యవహారము కలదు. దాని మర్మమిది. కంప్రెసరునకు లోనికి వచ్చు పీడనమును, వెలికి పోవు పీడనమును దేనినిగాని బిగించి పట్టరాదు. భారమునుబట్టి రెండును కలిసి పెరుగుచు తరుగుచు నుండనీయవలెను. వాని నిష్పత్తి మాత్రము మారరాదు. భారము తగ్గగనే కొంత వాయువును తొట్లలోనికి తీసివేయుదురు. అపుడు యంత్రములో వాయువు పలుచనై, కంప్రెసరు త్రోయవలసిన బరువు తగ్గి, విద్యుత్తు ఖర్చు దానంతట అదియే దిగును. నిష్పత్తి చెడలేదు గనుక యంత్రపు సామర్థ్యమును చెడదు. వినుటకు ఇంత సులువైన మాటను నమ్మించుట సులువు కాదు. పీడనమును స్థిరముగా నుంచుటయే క్షేమమని తలచువారికి దానిని వదలివేయుమని చెప్పుట, గాలిలో కళ్ళెము విడువుమనుట వంటిది. 2007లో దీనికి పేటెంటు లభించెను. శీతల యంత్రములు కట్టుటలో పేరుగాంచిన లిండే సంస్థ దానిని వాడుకొను హక్కును పొందెను.

ఫలితము న్యూయార్కు ప్రాంతపు బ్రూక్‌హేవెనులో ప్రత్యక్షమైనది. అచ్చట ఇసబెల్ అను యంత్రము కొరకు పెద్ద శీతల యంత్రాగారమును కట్టుచుండగా, 1983లో ఆ పథకమే రద్దయినది. తరువాత 2000లో పని ప్రారంభించిన రిక్ అను యంత్రపు అతివాహక అయస్కాంతములకు ఆ పాత యంత్రాగారమునే తగిలించిరి. చిన్న ఇంటికి పెద్ద పొయ్యి! అది తొమ్మిది మెగావాట్లకు పైగా మ్రింగుచుండెను. వెంకటరావుగారును జెఫర్సన్ వారును బ్రూక్‌హేవెను వారితో కలిసి అంచెలంచెలుగా సవరింపగా అది ఐదు మెగావాట్ల ప్రాంతమునకు దిగినది. అయస్కాంతముల చల్లదనమునకు మాత్రము ఏ లోటును రాలేదు.

హ్యూస్టను నగరమున నాసా వారి ఒక పెద్ద గది కలదు. చంద్రయాత్రల కాలమున నౌకలను పరీక్షించుటకు కట్టినది. జేమ్స్ వెబ్ దూరదర్శినిని అందుంచి అంతరిక్షపు చలిలో పరీక్షింపవలసి రాగా, ఈ పద్ధతిననుసరించిన హీలియము యంత్రమును అచ్చట నెలకొల్పిరి. 2017 జూలైలో గది తలుపు మూసిరి; నవంబరులో తెరచిరి. నడుమ ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టనును ముంచివేసినను పరీక్ష ఆగలేదు. ఆ దూరదర్శిని 2021 డిసెంబరు 25వ తేదీని నింగి కెగసినది.

తరువాత వెంకటరావుగారు మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు పోయి, 2022లో పని మొదలుపెట్టిన అరుదైన ఐసోటోపుల యంత్రమునకు శైత్యము సమకూర్చు పనిలోను, యువకులకు ఈ విద్యను బోధించుటలోను పూనుకొనిరి. ఈ బోధనయే నాకు ముఖ్యముగా తోచుచున్నది. ఎరిగిన చేతులు విశ్రాంతి గొనుచుండగా, క్రొత్త చేతులు ఈ కొలువునకు వచ్చుట అరుదట. పుస్తకము చదివినంత రాదు. నూనె, కవాటము, కంప్రెసరుల చప్పుడు ఎరిగినగాని రాని విద్య ఇది.

ఈ వ్యాసము వ్రాయుచున్నానని తెలిసి, ఆయన మనవాడేనా యని ఇప్పటికి నలుగురు నన్నడిగిరి. ఇంటిపేరు తెలుగుది, విద్య లోకమునకు చెందినది. అంతకుమించి చెప్పుటకు నాకిష్టము లేదు.

దరఖాస్తు పెట్టిన బాలుడు ఈ యేడాది హిందూపురములో ఒక శీతల గిడ్డంగియందు కంప్రెసరుల యొద్ద రాత్రి కొలువు చేయుచున్నాడు. రెండవసారి దరఖాస్తు పెట్టుటకు సిగ్గుపడినాడు. పాతదే నా సంచిలో నున్నది. మహాసభ రెండవనాటి ఉదయము వేతనముల సంఘము కూడినపుడు, అందరికంటె ముందు దానిని బల్లమీద పెట్టెదను. ఆ పెద్దలును వచ్చెదమని కబురు పంపియున్నారు.