గల్లు

ఇల్లు ఇంటి అవుతుంది, విల్లు వింటి అవుతుంది, ఒళ్లు ఒంటి అవుతుంది. విభక్తి తగలగానే వచ్చే ఈ మార్పును తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఓరుగల్లు కూడా ఆ వరుసలోదే. ఓరుగల్లువాళ్లు ఓరుగంటివారయ్యారు, పానుగల్లువాళ్లు పానుగంటివారయ్యారు. మద్రాసు టీనగర్‌లోని పానగల్ పార్కుకు పేరిచ్చిన రాజావారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపిన రామారాయణింగారు, పానగంటివారే. ఆయన పానగల్లు మన నల్లగొండదేనా అన్న తగాదా ఇక్కడ అక్కర్లేదు. మాట మారిన తీరు ఒక్కటే మనకు కావాలి.

మన పానగల్లు ఎక్కడంటే, నార్కట్‌పల్లిలో హైదరాబాదు–విజయవాడ రహదారిని వదిలి అద్దంకి రోడ్డు పడితే, నల్లగొండ పొలిమేరలో తగులుతుంది. కందూరు చోడుల రాజధాని. వాళ్లు మొదట కల్యాణి చాళుక్యులకు, తర్వాత కాకతీయులకు సామంతులు. ఉదయసముద్రం చెరువు వాళ్లలో ఒక రాజు పేరు మీదిదే. ఛాయాసోమేశ్వరాలయంలో లింగం వెనక పడే నీడను చూడ్డానికి జనం బాగానే వస్తారు. ఆ నీడకున్న పేరు అదే ఊళ్లోని పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలో ఉన్న మ్యూజియానికి లేదు. అక్కడున్నవి రాళ్లు. ఊరిపేరు చివర ఉన్నదీ రాయే.

గల్లు అంటే రాయి అని ఇప్పటివాళ్లు ఊహించి చెప్పింది కాదు. ఓరుగల్లును సంస్కృతంలో చెప్పాల్సి వచ్చినప్పుడు ఏకశిలానగరం అన్నారు. అంటే ఆ కాలంవాళ్లకు మాటలోని రాయి ఇంకా తెలుస్తూనే ఉంది. అసలు రూపం కల్లు. సమాసంలో రెండో మాటైనప్పుడు క గ అయింది. పాలమూరు వైపు వనపర్తి జిల్లాలో కొండకోట ఉన్న ఇంకో పానగల్ ఉంది. దాని చివరా ఇదే రాయి.

మరి విడిగా రాయిని కల్లు అని ఎందుకనం? నల్లగొండలో ఎవరినైనా ‘కల్లు ఎక్కడుంది’ అని అడిగి చూడండి, నేరుగా మండువకు దారి చూపిస్తారు. తమిళంలో రాయి కల్, తాగేది కళ్. కన్నడంలో రాయి కల్లు, తాగేది కళ్ళు. ల, ళల తేడాతో రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. తెలుగులో తాగేది కూడా కల్లే అయి కూచుంది. ఒకే మాట రెండింటికీ చెల్లకపోతే ఒకటి తప్పుకోవాలి. తాటిచెట్టు గెలిచింది, బండ ఓడింది అని నా లెక్క. రాయి అన్న మాట చేతిలో ఉండగా ఓడినదాని కోసం ఏడ్చేవాళ్లూ లేకపోయారు. ఇసుర్రాయి, బొడ్రాయి, హద్దురాయి, మైలురాయి: అన్నిటా రాయే. కల్లు మాత్రం ఊళ్ల పేర్లలో, ఇంటిపేర్లలో, ఉప్పు జాడీలో దాక్కుంది. కల్లుప్పు అంటే రాళ్లలా ఉండే ఉప్పు. మనవైపు దాన్ని దొడ్డుప్పు అంటారు కాబట్టి ఆ దారి కూడా ఇక్కడ మూసుకుపోయినట్టే.

ఇక వీరగల్లు. పోరులో పడ్డవాడి పేర నిలిపిన రాయి. చాలావాటిలో కింది అరలో కత్తీ డాలూ పట్టిన వీరుడు, నడిమి అరలో వాణ్ణి మోసుకుపోయే అప్సరసలు, పై అరలో లింగం ముందు చేతులు జోడించిన వాడే. సతిగల్లయితే మోచేతి దగ్గర వంగి పైకి లేచిన చెయ్యి, దాని నిండా గాజులు. ఓరుగల్లు ఓరుగంటి అయినట్టు వీరగల్లు వీరగంటి కావాలి కదా? ‘వీరగంటి మీద శాసనం’ అని నేనెక్కడా వినలేదు, వీరగల్లు మీద అనే అంటాం. తెలుగు నోట్లో నలిగిన మాటయితే వంగేది. ఇది కన్నడ దారిన వచ్చి, పండితుల పుస్తకాల్లో స్థిరపడిన మాటని నా అనుమానం. చాళుక్యుల కాలంలో ఈ నేల మీద కన్నడ శాసనాలకు కొదవ లేదు. కొలనుపాకలో దొరికినవాటిలో చాలా భాగం ఆ భాషవే.

అయితే ఆ రాయిని మొక్కినవాళ్లు దాన్ని వీరగల్లు అనలేదు. పసుపు పూసి, బొట్టు పెట్టి, తమకు తెలిసిన దేవుడి పేరో దేవత పేరో పెట్టుకున్నారు. ఒక ఊళ్లో వీరన్న అయినవాడు పక్క ఊళ్లో పోతరాజు కావచ్చు. మ్యూజియానికి చేరినప్పుడు పసుపు కడుక్కుపోతుంది, దానితో పాటే ఆ పేరూ పోతుంది. చీటీ మీద శతాబ్దం, రాజవంశం, రాయి రకం మిగులుతాయి. రాయి భద్రంగా ఉంటుంది, నిజమే. వానకు తడవదు, దొంగల పాలు కాదు. కానీ పేరు కూడా సేకరించదగ్గ వస్తువే.

మీ ఊరి చెరువు కట్ట మీదో, గుడి వెనకో అలాంటి రాయి ఉంటే దాన్ని మీ ముసలివాళ్లు ఏమని పిలుస్తారో అడిగి, ఊరిపేరుతో సహా రాసిపెట్టండి. రేపు ఎవరైనా దాన్ని పానగల్లుకు తీసుకుపోతే ఆ కాగితం కూడా వెంట పంపండి.