వార్డులో ఆటస్థలం కావాలంటే ఎవరిని అడగాలి? అండమాన్ రాజధాని మునిసిపల్ కౌన్సిల్ పనితీరు ఇదీ

2023 మార్చిలో పోర్ట్‌బ్లెయిర్ మునిసిపల్ కౌన్సిల్ చైర్‌పర్సన్‌గా తెలుగుదేశం పార్టీ కౌన్సిలర్ ఎస్.సెల్వి ఎన్నికయ్యారు. బీజేపీ మద్దతుతో 24 ఓట్లలో ఆమెకు 14 వచ్చాయి. అంతకు ఏడాది ముందు, 2022 మార్చిలో జరిగిన కౌన్సిల్ ఎన్నికల్లో కాంగ్రెస్ 11, బీజేపీ 10, టీడీపీ 2 వార్డులు గెలవగా ఒకచోట స్వతంత్ర అభ్యర్థి నెగ్గారు. రెండు వార్డులున్న పార్టీకి చైర్‌పర్సన్ పదవి ఎలా దక్కిందన్నది అప్పట్లో వార్త అయింది.

పదవి సంగతి పక్కనబెడితే ఆ కౌన్సిల్ రోజూ చేసే పని గురించి బయటి వాళ్లకు తెలిసింది తక్కువ. తాగునీరు, చెత్త, కాలువలు, వీధి దీపాలు, మార్కెట్ దుకాణాల అద్దెలు దాని ముందుకు వస్తుంటాయి. వాటితో పాటే పిల్లలకు ఆటస్థలం, పెద్దలకు పార్కు, పెళ్లిళ్లకు, పండగలకు కమ్యూనిటీ హాలు కావాలన్న అర్జీలూ వస్తాయి. అలాంటి ఒక అర్జీ ఏ దారిలో నడుస్తుందో చూస్తే, అసెంబ్లీ లేని కేంద్రపాలిత ప్రాంతంలో స్థానిక ప్రజాస్వామ్యం ఎంతవరకు పనిచేస్తుందో అర్థమవుతుంది.

ఇది తెలుగువాళ్లకు దూరపు సంగతేమీ కాదు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3,80,581. వారిలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో పెద్ద భాష తెలుగే. వీరిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఉన్నాయి.

అసెంబ్లీ లేని చోట కౌన్సిలరే దగ్గరి ప్రతినిధి

2024 సెప్టెంబరు 13న కేంద్ర ప్రభుత్వం పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మారుస్తున్నట్లు ప్రకటించింది. పేరు మారినా పాలన తీరు మారలేదు. అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేరు. రాష్ట్రపతి తరఫున లెఫ్టినెంట్ గవర్నర్ పాలిస్తారు. లోక్‌సభలో దీవులన్నిటికీ కలిపి ఒకే ఎంపీ ఉంటారు.

అంటే నగరవాసి ఓటుతో ఎన్నికయ్యేది ఇద్దరే. ఒకరు ఎంపీ, మరొకరు వార్డు కౌన్సిలర్. తెలుగు రాష్ట్రాల్లో పార్కు పని ఆగిపోతే జనం ఎమ్మెల్యే ఇంటికి వెళ్తారు. ఇక్కడ ఆ మెట్టే లేదు. కౌన్సిలర్ దాటితే మిగిలేది ఢిల్లీలో ఉండే ఎంపీ, లేదంటే అధికారులు.

కౌన్సిల్‌కు పునాది 1994 నాటి అండమాన్ నికోబార్ దీవుల మునిసిపల్ రెగ్యులేషన్. అంతకుముందు 1957 నాటి మునిసిపల్ బోర్డుల రెగ్యులేషన్ ఉండేది. శాసనసభ లేనందున ఇలాంటి చట్టాలను రాజ్యాంగంలోని 240వ అధికరణం కింద రాష్ట్రపతి రెగ్యులేషన్ రూపంలో తెస్తారు. ఒకప్పుడు 18 వార్డులు ఉండేవి. శివారు ప్రాంతాలు కలిశాక 2015 ఎన్నికల నాటికి అవి 24 అయ్యాయి. కౌన్సిలర్లను జనం ఎన్నుకుంటే, చైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. రోజువారీ పాలనను మాత్రం అడ్మినిస్ట్రేషన్ నియమించే అధికారి, అంటే కౌన్సిల్ సెక్రటరీ నడుపుతారు.

పార్కులు కౌన్సిల్ బాధ్యతేనా?

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు ఇవ్వదగిన 18 అంశాలున్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాల వంటి పట్టణ సౌకర్యాలు అందులో 12వ అంశం. సాంస్కృతిక, విద్యా కార్యక్రమాలను ప్రోత్సహించడం 13వది. కాబట్టి ఆటస్థలం అడగడమంటే దయ కోరడం కాదు, రాజ్యాంగం గుర్తించిన మునిసిపల్ పనిని గుర్తుచేయడమే.

అయితే 243-డబ్ల్యూ అధికరణం ఈ అధికారాలను 'ఇవ్వవచ్చు' అంటుంది, 'ఇచ్చి తీరాలి' అనదు. బాధ్యత కాగితంపై కౌన్సిల్‌ది అయినా భూమి, డబ్బు, అనుమతులు వేరే చేతుల్లో ఉండిపోవడానికి ఇదే కారణం.

మొదటి ప్రశ్న: స్థలం ఎవరిది?

వార్డులో ఖాళీగా కనిపించే జాగా చూపించి 'ఇక్కడ పిల్లలకు ఆటస్థలం వేయండి' అని అడగడం తేలికే. ఆ జాగా కౌన్సిల్‌దై ఉండాలన్నదే అసలు చిక్కు. 1966 నాటి భూమి శిస్తు, భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం దీవుల్లోని భూమి మొత్తం ప్రభుత్వానిదే. వ్యక్తులకు, సంస్థలకు ఉండేవి ఆ రెగ్యులేషన్ కింద దక్కిన హక్కులు మాత్రమే. దీవుల విస్తీర్ణంలో 80 శాతానికి పైగా అడవే. రాజధానిలో మిగిలిన చదును నేల కోసం నౌకాశ్రయం, రక్షణ దళాలు, ప్రభుత్వ శాఖలు, క్వార్టర్లు, ఇళ్లు అన్నీ పోటీపడతాయి.

తీరం పక్కన జాగా ఉంటే 2019 నాటి ద్వీప తీర నియంత్రణ మండలి నిబంధనలు వర్తిస్తాయి. చెట్లున్న చోటైతే అటవీ శాఖను అడగాలి. అందుకే కౌన్సిల్‌లో తీర్మానం నెగ్గినంత మాత్రాన పని మొదలవదు. స్థలం కేటాయించమని అడ్మినిస్ట్రేషన్‌కు రాయడంతో రెండో దశ మొదలవుతుంది.

ఊళ్లో ఉన్న పెద్ద బహిరంగ స్థలాల చరిత్రా ఇదే చెబుతుంది. 1943 డిసెంబరు 30న సుభాష్ చంద్రబోస్ జెండా ఎగరేసిన జింఖానా మైదానమే ఇప్పటి నేతాజీ స్టేడియం. గాంధీ పార్కు ఒకప్పుడు ఊరికి తాగునీరిచ్చిన దిల్తమన్ చెరువు చుట్టూ వెలిసింది. మెరీనా పార్కు సముద్రపు ఒడ్డున ఉంది. ఇవన్నీ పర్యాటకులు కూడా చూసే చోట్లు. వార్డులో నడిచి వెళ్లేంత దూరంలో ఉండే చిన్న ఆటస్థలం లోటును ఇవి తీర్చవు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మునిసిపాలిటీలకు సొంత పన్నులతో పాటు కేంద్ర ఆర్థిక సంఘం సిఫార్సు చేసే నిధులూ అందుతాయి. ఆర్థిక సంఘం లెక్కలు రాష్ట్రాలకే పరిమితం కనుక కేంద్రపాలిత ప్రాంతాల స్థానిక సంస్థలకు ఆ దారి లేదు. శ్రీవిజయపురం కౌన్సిల్ ఆస్తి పన్ను, అద్దెలు, ఫీజులు వసూలు చేసుకున్నా, అడ్మినిస్ట్రేషన్ నుంచి వచ్చే గ్రాంటుపైనే ప్రధానంగా ఆధారపడుతుంది.

2016 మేలో స్మార్ట్ సిటీ పథకం ఫాస్ట్‌ట్రాక్ జాబితాలో వరంగల్‌తో పాటు పోర్ట్‌బ్లెయిర్‌కూ చోటు దక్కింది. ఆ పనులకు పోర్ట్‌బ్లెయిర్ స్మార్ట్ ప్రాజెక్ట్స్ లిమిటెడ్ అనే ప్రత్యేక కంపెనీ ఏర్పాటైంది. పథకం కోసం కౌన్సిల్ పక్కనే మరో సంస్థ పుట్టడంతో, ఏ పనికి ఎవరిని అడగాలన్నది సామాన్యుడికి మరింత తికమకగా మారింది.

ఖర్చు కూడా ఎక్కువే. సిమెంటు, ఇనుము, ఆట పరికరాలు చెన్నై, విశాఖ, కోల్‌కతా వైపు నుంచి ఓడల్లో రావాలి. విజయవాడలో వేసిన అంచనాతో ఇక్కడ పని పూర్తికాదు.

నీళ్ల ముందు ఊయల నిలబడుతుందా?

కౌన్సిల్ ఎజెండాలో ఆటస్థలానికి పోటీ వచ్చే అంశాలు చిన్నవి కావు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఊరిది. అయినా వేసవిలో ధానీఖారీ జలాశయం అడుగంటితే కుళాయిలకు రోజు విడిచి రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వ్యవధితో నీళ్లు వదులుతారు. బ్రూక్షాబాద్ డంపింగ్ యార్డుకు చేరే చెత్త మరో సమస్య. బిందెడు నీళ్ల కోసం ఎదురుచూసే వార్డులో ఊయల మాట ఎత్తడానికి కౌన్సిలర్‌కే మొహమాటం కలగవచ్చు.

అలాగని వినోదం అర్జీలను విలాసమని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఒక్క దీపం సంగతే చూద్దాం. దీవులు దేశానికి తూర్పున ఎంతో దూరంలో ఉన్నా గడియారం భారత ప్రామాణిక సమయాన్నే చూపిస్తుంది. జూన్‌లో విజయవాడలో సాయంత్రం 6.45 ప్రాంతంలో సూర్యాస్తమయం అయితే ఇక్కడ 5.45కే అయిపోతుంది. డిసెంబరులో 5 గంటలకే పొద్దు వాలుతుంది. బడి నుంచి వచ్చిన పిల్లలకు మిగిలే వెలుతురు గంటో, గంటన్నరో. మైదానంలో దీపాలు లేకపోతే మైదానం ఉన్నా లేనట్టే. ఆ దీపాలకు కావాల్సిన కరెంటు ప్రధానంగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది కనుక బిల్లు కూడా లెక్కలోకి వస్తుంది.

వాన కూడా అంతే. మే నుంచి డిసెంబరు దాకా ఎక్కువ నెలలు తడిగా ఉండే చోట పైకప్పున్న హాలుకు గిరాకీ ఎక్కువ. బెంగాలీల దుర్గాపూజ, తమిళుల పొంగల్, మలయాళీల ఓణం, తెలుగువారి వినాయక చవితి జరుపుకొనే ఊళ్లో ఏ ఒక్క సంఘానికీ చెందని కమ్యూనిటీ హాలు అందరికీ పనికొస్తుంది. తక్కువ అద్దెకు దొరికే హాలు లేకపోతే ముందు నష్టపోయేది సొంత సంఘ భవనం గానీ, డబ్బు గానీ లేని వలస కూలీ కుటుంబాలే.

ఆట ఎక్కడికి తీసుకెళ్తుందో దీవులకు తెలుసు. నికోబార్‌కు చెందిన ఈసో ఆల్బెన్ 2018లో ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో రజతం గెలిచాడు.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నదేంటి, ఇక్కడ లేనిదేంటి?

మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం చెబుతుంది. శ్రీవిజయపురం జనాభా 2011 లెక్కల్లో లక్షకు కాస్త పైన. కాబట్టి ఆ నిబంధన ఇక్కడ తప్పనిసరి కాదు.

తెలంగాణ 2019 మునిసిపాలిటీల చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ఊరు చిన్నదైనా ప్రతి వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలంది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. ఇవన్నీ చోట్లా చక్కగా నడుస్తున్నాయని కాదు. అయినా అర్జీ ఇవ్వడానికి ఒక బల్ల, దానికో నంబరు ఉన్నాయి. ఆ మెట్టు లేని చోట అర్జీ భవితవ్యం కౌన్సిలర్ చొరవ మీద ఆధారపడిపోతుంది.

అర్జీ పెట్టేవాళ్లు చూసుకోవాల్సినవి

స్థలం ఏ శాఖదో ముందు తెలుసుకోవాలి. సర్వే నంబరుతో అడిగిన అర్జీని 'స్థలం లేదు' అన్న ఒక్క మాటతో మూసేయడం కష్టం.

ఒక కులం, ఒక భాషా సంఘం పేరుతో కాకుండా వార్డు నివాసులుగా సంతకాలు పెట్టాలి. కౌన్సిల్ కార్యకలాపాలు హిందీ, ఇంగ్లిష్‌లో నడుస్తాయి కనుక తెలుగులో మాత్రమే రాసిస్తే అది అక్కడే ఆగిపోయే ప్రమాదముంది.

కట్టమని అడగడంతో పాటు నిర్వహణ ఎవరు చూస్తారో కూడా రాయాలి. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు, గడ్డి ఎవరు కోస్తారు అన్న ప్రశ్నలకు జవాబు లేని పార్కు రెండు వానాకాలాలకే పొదగా మారుతుంది.

అంశం ఎజెండాలోకి వచ్చిందా, తీర్మానంలో ఏం రాశారు, ఫైలు ఎక్కడుంది అన్నవి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫైలు కౌన్సిల్ దాటి అడ్మినిస్ట్రేషన్‌కు వెళ్లిందని తేలితే తర్వాతి అర్జీ అక్కడే పెట్టాలి.

2022లో ఎన్నికైన కౌన్సిల్‌కు ఐదేళ్ల గడువు 2027లో ముగుస్తుంది. ఎన్నికలు వచ్చినప్పుడు వార్డుకో పార్కు ఇస్తామనే హామీలు రావడం మామూలే. ఆ హామీ ఇచ్చే అభ్యర్థిని ఓటరు అడగాల్సింది ఒకటే: ఆ స్థలం ఇప్పుడు ఏ శాఖ చేతిలో ఉంది, దాన్ని కౌన్సిల్‌కు ఎలా తెస్తారు?