చాక్లెట్ కంపెనీ చైర్మన్ వేసిన పేదల లెక్క

కిట్‌క్యాట్ పేరు మన పిల్లలందరికీ తెలుసు. 1935లో దాన్ని మొదట వేరే పేరుతో బజారులోకి తెచ్చింది ఇంగ్లండులోని యార్కు పట్టణానికి చెందిన రౌన్‌ట్రీ కంపెనీ. అప్పటి చైర్మన్ సీబోం రౌన్‌ట్రీ. అయితే ఈ సంచికలో ఆయన్ని మేము తలుచుకుంటున్నది చాక్లెట్ కోసం కాదు.

1871లో పుట్టిన ఆయన రసాయనశాస్త్రం చదివి, 1889లో తండ్రి కంపెనీలో చేరారు. పేదవాడు సోమరితనం వల్లనే పేదవాడయ్యాడని పెద్దమనుషులు తేలిగ్గా అనేసే రోజులవి. (ఈ మాట ఇప్పుడు మాత్రం వినబడటం లేదా?) రౌన్‌ట్రీ వాదనకు దిగలేదు. 1899లో యార్కులోని కూలీనాలీ జనం ఇళ్ళకు ఇంటింటికీ మనుషుల్ని పంపి వివరాలు రాయించారు. మొత్తం 11,560 కుటుంబాలు, 46,754 మంది!

ఆ తరువాత హిసాబు వేశారు. తల్లిదండ్రులు, ముగ్గురు పిల్లలు బతకడానికి వారానికి ఎంత కావాలి? తిండికి 12 షిల్లింగుల 9 పెన్నీలు, అద్దెకు 4 షిల్లింగులు, బట్టలు బొగ్గు వగైరాలకు 4 షిల్లింగుల 11 పెన్నీలు. షిల్లింగుకు 12 పెన్నీలు గనుక మొత్తం 21 షిల్లింగుల 8 పెన్నీలు. మేమూ కూడి చూశాం, సరిపోయింది. ఇందులో తాజా మాంసం లేదు, బండి చార్జీ లేదు, బిడ్డకు ఒక బొమ్మ కూడా లేదు. కావాలనే అంత పిసినారిగా వేశారు, ఎక్కువ వేశావని ఎవరూ వేలెత్తి చూపకుండా.

అయినా 7,230 మందికి ఆ మాత్రం ఆదాయం కూడా లేదు. దుబారా వల్లనో మరోలానో లేమిలో పడినవారినీ కలిపితే 20,302 మంది, అంటే పట్టణంలో నూటికి ఇంచుమించు 28 మంది. ఆ రెండో రకం వారిని ఇంటి వాలకం చూసి నిర్ణయించారన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. కానీ మొదటి రకంలో సగానికి పైగా కుటుంబాల్లో ఇంటిపెద్ద రోజూ పనికి పోతున్నాడు. జీతమే చాలటం లేదు!

1901లో ఇది పుస్తకంగా వచ్చింది. మంత్రి లాయిడ్ జార్జి ఆయనకు స్నేహితుడయ్యాడు. 1908లో వచ్చిన వృద్ధాప్య పింఛను చట్టం వెనుక ఈ లెక్కల బలమూ ఉంది. సొంత ఇంటిని మరిచారా అంటే, లేదు. రౌన్‌ట్రీ ఫ్యాక్టరీలో 1906లోనే పింఛను పథకం పెట్టారు. 1919లో వారానికి 44 గంటల పని వచ్చింది.

1936లో మళ్ళీ లెక్క తీశారు. ఈసారి ఖర్చుల పట్టీలో వార్తాపత్రిక, రేడియో కూడా చేర్చారు. చివరికి 1950లో, డెబ్బై తొమ్మిదో ఏట, మరో సహాయకుడితో కలిసి అదే యార్కులో మూడోసారి లెక్క తీయించారు. 1954లో కన్నుమూశారు.