లష్కర్ చర్చిలు, వాటి చుట్టూ పెరిగిన పేటలు

సికింద్రాబాద్‌ను పాతబస్తీ వాళ్లు ఇప్పటికీ లష్కర్ (సైన్యపు దండు) అనే అంటారు. మారేడ్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారంలో కనిపించే 19వ శతాబ్దపు చర్చిలు ఆ లష్కర్ కోసమే వెలిశాయి. ముందు పటాలం దిగింది, తర్వాత దాని కోసం చర్చి లేచింది, ఇళ్లు ఆ తర్వాత వచ్చాయి. అందుకే ఈ శివార్ల చరిత్ర తెలుసుకోవాలంటే చర్చిల దగ్గర మొదలుపెట్టడమే మేలు.

1798లో రెండో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ దళాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన డేరాలు వేశాయి. 1806లో ఆ చోటికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. సైన్యంతోపాటు మద్రాసు వైపు నుంచి తమిళులు, తెలుగువారు సిపాయిలుగా, గుమాస్తాలుగా, బోయీలుగా, వ్యాపారులుగా వచ్చి స్థిరపడ్డారు. రెజిమెంటల్ బజార్, లాన్సర్ లైన్, కార్ఖానా, పికెట్ వంటి పేర్లలో ఆనాటి అమరిక ఇంకా మిగిలే ఉంది.

ఊళ్లోని చర్చిలలో అన్నిటికన్నా పాతది మారేడ్‌పల్లి వైపున్న సెయింట్ జాన్స్ చర్చి. దాన్ని 1813లో కట్టారు. సైన్యంలో డోలీ మోసిన సురిటి అప్పయ్య ఉజ్జయిని మహంకాళి అమ్మవారిని ఇక్కడ నిలిపింది 1815లో. దొరల చర్చినీ బోయీ నిలిపిన గుడినీ వేర్వేరు కథలుగా చెప్పడం అలవాటైపోయింది కానీ, రెండూ ఒకే దండు నుంచి రెండేళ్ల తేడాతో పుట్టాయి.

కాథలిక్కుల సెయింట్ మేరీస్ చర్చికి పునాది వేసినవాడు ఐర్లండ్ నుంచి వచ్చిన డేనియల్ మర్ఫీ. ఆయన తర్వాత హైదరాబాద్ బిషప్ అయ్యాడు, ఆపైన టాస్మేనియాలోని హోబర్ట్‌కు ఆర్చిబిషప్ అయ్యాడు. 1850లో పూర్తయిన ఈ చర్చికి 2008లో బసిలికా హోదా దక్కింది. ఐరిష్ సైనికులతోపాటు తమిళ కాథలిక్కులు కూడా మొదటినుంచీ ఇక్కడి సంఘంలో ఉన్నారు.

బొల్లారం కథ వేరు. అక్కడున్నది హైదరాబాద్ కంటింజెంట్ దళం. జీతాలు నిజాంవి, పెత్తనం ఇంగ్లీషు అధికారులది. ఆ ఖర్చు కింద పేరుకున్న బాకీ తీర్చలేక 1853లో నిజాం బీరారును కంపెనీ చేతికి అప్పగించాల్సి వచ్చింది. 1855లో మొహర్రం ఊరేగింపుపై తలెత్తిన తగాదాలో దళంలోని సిపాయిలు బ్రిగేడియర్ కాలిన్ మెకెంజీని బొల్లారంలోనే తీవ్రంగా గాయపరిచారు. అక్కడి హోలీ ట్రినిటీ చర్చి అప్పటికే ఉంది. అది 1847 నాటిది. స్థలం నిజాం ఇచ్చాడనీ, కట్టడానికి విక్టోరియా రాణి సొంత డబ్బు పంపిందనీ చెబుతారు. రెండో ఎలిజబెత్ రాణి 1983 నవంబరు 20న, తన పెళ్లిరోజున, ఇక్కడికే ప్రార్థనకు వచ్చింది. పత్రికలు ఈ చర్చి ప్రస్తావన వస్తే ఆ ఒక్క రోజునే గుర్తు చేస్తాయి. దాని గోడల పక్కన సాగిన కంటింజెంట్ చరిత్రకు అంతకన్నా ఎక్కువ చోటు దక్కాలి.

1857 తిరుగుబాటు భయం తిరుమలగిరి రూపురేఖల్ని మార్చింది. తెల్ల సైనికుల కోసం చుట్టూ కందకంతో కోటలాంటి స్థావరం కట్టారు. గోథిక్ శైలిలోని ఆల్ సెయింట్స్ చర్చి 1860 నాటిది.

తెలుగు పల్లెలతో గట్టి సంబంధం కలిగింది మాత్రం వెస్లియన్ మిషన్ వల్ల. 1895లో తిరుమలగిరి సైనికుల మధ్య సేవకు వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్‌కు దండు గోడల మధ్య ఉండటం తృప్తినివ్వలేదు. ఆయన మెదక్ వెళ్లిపోయాడు. కరువు రోజుల్లో కూలీలకు తిండి పెడుతూ ఆయన కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు.

1945లో సికింద్రాబాద్‌లోని ఎక్కువ భాగం తిరిగి నిజాం పాలనకు వచ్చింది. కంటోన్మెంట్ ప్రాంతం విడిగానే మిగిలింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆంగ్లికన్, వెస్లియన్ చర్చిలు ఒకే సంఘంలోకి చేరి, మెదక్ అధ్యక్ష మండలం కిందికి వచ్చాయి. దొరలు వదిలి వెళ్లిన బల్లలపై ఇప్పుడు తెలుగు, తమిళ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కూర్చుంటున్నాయి.